దగ్గరి ఆసుపత్రిని దాటిపోయే అంబులెన్స్

లండన్‌లో ఒక మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి, చెయ్యి పట్టు తప్పి, మాట ముద్దగా వస్తే ఇంట్లోవాళ్లు 999కి ఫోన్ చేస్తారు. అంబులెన్స్ వస్తుంది, రోగిని ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత అది చేసే పని చూస్తే కొత్తవాళ్లకు గుండె దడదడలాడుతుంది. ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రి గేటు ముందునుంచి వెళ్తుంది గానీ లోపలికి తిరగదు. దాన్ని దాటి, ఇంకొంత దూరంలో ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకుపోతుంది. 2010 నుంచి ఆ నగరంలో పక్షవాతానికి ఇదే పద్ధతి.

పక్షవాతంలో ఆలస్యం ఖరీదెంతో 2006లో అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం పూడుకుపోతే, వైద్యం అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. అలాంటి జబ్బులో కావాలని దూరం వెళ్లడమా? ఈ ప్రశ్న అడిగినవాళ్లు అమాయకులు కారు. దానికి ‘అవును’ అని జవాబు చెప్పినవాళ్లు ప్రాణాల విలువ తెలియనివాళ్లూ కారు. ఇద్దరి దగ్గరా బలమైన వాదనలున్నాయి. వాటిని తూచి చూడటానికి ఇంగ్లండ్‌లో అంకెలు కూడా ఉన్నాయి. ఇలాంటి నిర్ణయమే రేపు మన ముందుకూ వస్తుంది కాబట్టి, ఆ తూకం మనమూ ఓపిగ్గా చూడాలి.

2010కి ముందు లండన్‌లో దాదాపు 30 ఆసుపత్రులు పక్షవాతం రోగుల్ని చేర్చుకునేవి. ఒక్కోచోట ఒక్కో తీరు. పగలు వెళితే ఆ జబ్బు తెలిసిన డాక్టరు దొరకవచ్చు, రాత్రి వెళితే దొరక్కపోవచ్చు. సోమవారం వెంటనే తీసే స్కాన్, శనివారమైతే మర్నాటికి వాయిదా పడవచ్చు. అప్పటికే వైద్యం చాలా ముందుకు పోయింది. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ 3 గంటలలోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో అమెరికాలో తేలింది. నాలుగున్నర గంటల వరకూ ఇవ్వవచ్చని 2008లో యూరప్‌లో రుజువైంది. కానీ పక్షవాతం అంతా గడ్డ వల్లే రాదు. కొందరికి రక్తనాళం చిట్లి వస్తుంది. వాళ్లకు ఇదే మందు ఇస్తే ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ముందు స్కాన్ తీయాలి, దాన్ని చదవగలిగినవాళ్లు ఉండాలి, ఇచ్చే ధైర్యం ఉన్న డాక్టరు ఆ క్షణంలో అక్కడే ఉండాలి. ఈ మూడూ రాత్రి రెండు గంటలకు 30 చోట్ల ఉండటం సాధ్యమా?

సాధ్యం కాదన్నారు సంస్కరణ కోరినవాళ్లు. సర్జన్ ఆరా దార్జీ 2007లో లండన్ వైద్యసేవల మీద ఇచ్చిన నివేదిక ఈ దారి చూపింది. అదే ఏడాది డిసెంబరులో ఇంగ్లండ్ జాతీయ స్ట్రోక్ వ్యూహం ప్రకటించింది. 2010లో లండన్ మొత్తానికి ఎనిమిది ఆసుపత్రుల్లో ‘హైపర్ అక్యూట్ స్ట్రోక్ యూనిట్లు’ పెట్టారు. ఇకమీద వాటిని పెద్ద యూనిట్లు అందాం. కింగ్స్ కాలేజ్, యూనివర్సిటీ కాలేజ్, చేరింగ్ క్రాస్, సెయింట్ జార్జెస్, రాయల్ లండన్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. నగరంలో ఎక్కడున్నా అంబులెన్స్‌లో 30 నిమిషాల్లో ఒకదానికి చేరాలన్నది షరతు. మొదటి 72 గంటలు అక్కడ, ఆ తర్వాత ఇంటికి దగ్గర్లోని 24 స్థానిక స్ట్రోక్ యూనిట్లలో ఒకదానిలో వైద్యం. నిర్దేశించిన ప్రమాణాలు అందుకుంటేనే పూర్తి డబ్బు ఇచ్చారు. పార్లమెంటుకు ఎదురుగా నది ఒడ్డునున్న సెయింట్ థామస్ ఆసుపత్రికి ఎనిమిదిలో చోటు దక్కలేదు. ఈ సంస్కరణను ముందుండి నడిపిన వైద్యుల్లో ఒకరైన టోనీ రడ్ పనిచేసింది ఆ ఆసుపత్రిలోనే.

అదే సంవత్సరం గ్రేటర్ మాంచెస్టర్ కూడా ఈ దారి పట్టింది, కానీ సగం దాకానే. రోగులందర్నీ పెద్ద యూనిట్లకు పంపాలన్నది మొదటి ఆలోచన. స్థానిక ఆసుపత్రులు ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. మూడు చోట్ల పెద్ద యూనిట్లు పెట్టారు. వాటిలో ఒక్క సాల్ఫర్డ్ రాయల్ మాత్రమే రాత్రింబవళ్లు పనిచేసేది. జబ్బు మొదలై నాలుగు గంటలు దాటనివాళ్లనే అక్కడికి పంపాలి, మిగతావాళ్లు ఎప్పటిలాగే దగ్గరి ఆసుపత్రికి. ఎవరినీ నొప్పించని ఏర్పాటు ఇది. ఇలా ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒకే మందును ఒక నగరం పూర్తి మోతాదులో, ఇంకో నగరం సగం మోతాదులో తీసుకున్నట్టయింది.

ఫలితాలు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. పరిశోధకులు 2,58,915 మంది రోగుల వివరాలు చూశారు. లండన్‌లో 90 రోజుల్లోపు చనిపోయేవారి శాతం, మిగతా ఇంగ్లండ్ పట్టణాల్లో ఎలాగూ తగ్గుతున్న దానికన్నా అదనంగా, నూటికి 1.1 తగ్గింది. అంటే 21 నెలల్లో సుమారు 168 ప్రాణాలు. మాంచెస్టర్‌లో మరణాల్లో అలాంటి అదనపు తగ్గుదల కనిపించలేదు. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం రెండు చోట్లా తగ్గాయి. లండన్‌లో 1.4 రోజులు, మాంచెస్టర్‌లో 2 రోజులు.

తేడా ఎక్కడొచ్చింది? లండన్‌లో నూటికి 93 మంది రోగులు పెద్ద యూనిట్‌కు చేరారు. మాంచెస్టర్‌లో చేరింది 39 మందే. నాలుగు గంటల నిబంధన కాగితం మీద స్పష్టంగానే ఉండేది. కానీ నిద్రలో జబ్బు వచ్చినవాడికి ఆ గడియారం ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? అంబులెన్స్ సిబ్బంది రోడ్డు మీద, బంధువుల ఏడుపుల మధ్య ఆ లెక్క తేల్చాలి. అర్హులైనవాళ్లూ కొందరు పక్కదారి పట్టారు. 2015లో మాంచెస్టర్ తన నిబంధన మార్చుకుంది. ఎన్ని గంటలైనా సరే, అందరూ పెద్ద యూనిట్‌కే. చేరినవారి శాతం 86కు పెరిగింది. 2019లో అదే పరిశోధక బృందం మళ్లీ లెక్కలు చూసింది. ఆ యూనిట్లలో వైద్యం పొందినవారిలో 90 రోజుల మరణాలు నూటికి 1.8 తగ్గాయి. ఏడాదికి 69 మంది. లండన్ సాధించినది కూడా నిలిచే ఉంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లండ్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ అందేది నూటికి పది పన్నెండు మందికే. కాబట్టి మిగిలిన ప్రాణాలన్నీ ఆ ఒక్క మందే నిలబెట్టిందనలేం. చాలామందిని నిలబెట్టినవి చిన్న పనులు. వచ్చిన వెంటనే స్కాన్. నోట్లో నీళ్లు పోసేముందు మింగగలడో లేదో పరీక్ష, లేకపోతే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. మొదటి రోజునుంచే ఫిజియోథెరపిస్ట్. చక్కెర, జ్వరం, ఆక్సిజన్ గమనించే నర్సు. ఏ ఒక్కటీ అద్భుతం కాదు. వచ్చిన ప్రతి రోగికీ, ఏ గంటకైనా, ఏ ఒక్కటీ తప్పిపోకుండా అందడమే అద్భుతం.

‘అంత మామూలు పనులైతే దగ్గరి ఆసుపత్రిలోనే చేయవచ్చుగా?’ ఎదుటిపక్షం వేసే ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సంస్కరణవాదులు చూపేది డ్యూటీ చార్టు. వారానికి 168 గంటలు. ఒక డాక్టరు నలభై ఎనిమిది గంటలు పనిచేస్తాడనుకున్నా, ఒక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీ కాకుండా ఉండాలంటే నలుగురు కావాలి. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే ఆరుగురు. ముప్పై ఆసుపత్రులకు అంతమంది స్ట్రోక్ నిపుణుల్ని ఏ దేశమూ తేలేదు. పైగా చెయ్యి తిరగాలంటే పని తగలాలి. ఏడాదికి కనీసం 600 మంది స్ట్రోక్ రోగులు వచ్చేచోటే ఇలాంటి యూనిట్ పెట్టాలని ఇంగ్లండ్ మార్గదర్శకాలు చెప్పడానికి కారణం ఇదే. 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు, తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి మెదడులోని గడ్డను లాగేసే థ్రాంబెక్టమీ పనిచేస్తుందని నిరూపించాక ఈ వాదన ఇంకా గట్టిపడింది. ఆ పని వీధికొక ఆసుపత్రిలో జరిగేది కాదు.

ఇక రెండో పక్షం. వాళ్ల మొదటి ఆక్షేపణ, ఘనత ఎవరి ఖాతాలో వేయాలన్నది. ఇంగ్లండ్‌లో పక్షవాతం మరణాలు తగ్గడం 2010లో మొదలవలేదు. దాదాపు ఎనిమిది లక్షల మంది రికార్డులతో 2019లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం 2001 నుంచి 2010 వరకు పక్షవాతం మరణాల రేటు 55 శాతం పడిపోయింది. జబ్బు రావడమే 20 శాతం తగ్గింది. జబ్బు వచ్చాక చనిపోవడం 40 శాతం తగ్గింది. మొత్తం తగ్గుదలలో దాదాపు 71 శాతం ఘనత బతికించగలగడానిది, మిగతాది జబ్బునే రానివ్వకపోవడానిది. ఈ మెరుగుదల దాదాపు అంతా ఆసుపత్రుల్ని కుదించకముందు జరిగింది. దేశమంతటా స్ట్రోక్ వార్డులు పెట్టడం, స్కాన్లు అందుబాటులోకి రావడం దానికి కారణాల్లో ఉన్నాయి. అంటే చెల్లాచెదురుగా ఉన్న ఆసుపత్రులు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. జబ్బు రావడం తగ్గడం వెనక వేరే చేతులున్నాయి. 2004 నుంచి కుటుంబ వైద్యులకు బీపీ అదుపులో ఉంచినందుకు అదనంగా డబ్బిచ్చారు. 2007 జూలైలో ఇంగ్లండ్‌లో నాలుగు గోడల మధ్యనున్న బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధించారు. దక్షిణ లండన్‌లో 1995 నుంచి నడుస్తున్న స్ట్రోక్ రిజిస్టర్ చూస్తే, 2010 నాటికే కొత్త కేసుల రేటు దాదాపు 40 శాతం తగ్గింది. జబ్బు వచ్చినవాళ్లు త్వరగా ఆసుపత్రికి చేరడానికి కూడా, ముఖం, చెయ్యి, మాట చూసి వెంటనే ఫోన్ చేయమని చెప్పే టీవీ ప్రచారం 2009లోనే మొదలైంది.

ఈ ఆక్షేపణ సగం నిలుస్తుంది. లండన్ లెక్క, మిగతా దేశంలో ఎలాగూ తగ్గుతున్నదాన్ని పక్కన పెట్టాక మిగిలిన అదనం మాత్రమే. కాబట్టి ప్రవాహంతో పాటు కొట్టుకొచ్చిన ఫలితాన్ని సంస్కరణ తన ఖాతాలో వేసుకుందనడం సరికాదు. అయితే 168 అన్న అంకె ఒక అంచనా. దాని హద్దులు 19 నుంచి 316 దాకా ఉన్నాయి. మేలు జరిగిందనడానికి ఆధారం ఉంది. ఎంత జరిగిందో గీత గీసి చెప్పడానికి లేదు. ఇంకో సంగతి మనసును కలవరపెడుతుంది. ఆ పదేళ్లలో 55 ఏళ్లలోపువారికి పక్షవాతం రావడం ఏటా 2 శాతం చొప్పున పెరిగింది. ఆసుపత్రుల్ని ఎలా అమర్చినా ఆ అంకె తగ్గదు. పెద్ద యూనిట్‌కు రోగి చేరేసరికే ఒక ఓటమి జరిగిపోయి ఉంటుంది.

రెండో ఆక్షేపణ దూరం గురించి. 2014 అధ్యయనం చూసింది పట్టణాల్లో ఉండేవారినే. లండన్‌లో దాటిపోయిన ఆసుపత్రికీ చేరిన ఆసుపత్రికీ మధ్య తేడా నిమిషాల్లో ఉంటుంది. ఆ ఫలితాన్ని తీసుకుపోయి సముద్రపు అంచున ఉన్న ఊళ్లకు అంటించవచ్చా? కెంట్ జిల్లాలో ఈ గొడవే జరిగింది. డార్ట్‌ఫర్డ్, మెయిడ్‌స్టన్, యాష్‌ఫర్డ్‌లలో మూడు పెద్ద యూనిట్లు పెట్టి మిగతాచోట్ల సేవలు ఆపేయాలని నిర్ణయించారు. తూర్పు కొసన థానెట్ ప్రాంతంలో, మార్గేట్ ఆసుపత్రి చుట్టూ బతికే జనం వీధుల్లోకి వచ్చారు. యాష్‌ఫర్డ్‌కు గంట దాకా పడుతుందన్నది వాళ్ల భయం. ఆ ప్రాంతంలో పేదరికం ఎక్కువ, పేదరికం ఉన్నచోట పక్షవాతమూ ఎక్కువ. జబ్బు ఎక్కడ ఎక్కువో అక్కణ్నుంచి వైద్యాన్ని దూరం చేయడం ఏమిటని అడిగారు. హైకోర్టుకు వెళ్లారు. 2020లో కోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చింది. చట్టం దృష్టిలో ప్రశ్న తీరిపోయింది. భార్యను చూడటానికి రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ముసలాయనకు తీరలేదు.

స్పెయిన్‌లోని కటలోనియాలో దీన్నే శాస్త్రీయంగా పరీక్షించారు. నగరాలకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో పెద్ద గడ్డ ఉందని అనుమానం వచ్చిన రోగుల్ని కొందరిని దగ్గరి స్ట్రోక్ కేంద్రానికి, కొందరిని నేరుగా థ్రాంబెక్టమీ చేసే దూరపు ఆసుపత్రికి పంపారు. రేస్‌క్యాట్ అనే ఆ పరిశోధన ఫలితం 2022లో వచ్చింది. 90 రోజుల తర్వాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు పక్షాలూ దీన్ని తమ గెలుపుగా చెప్పుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో వేరే పాఠం కనిపిస్తుంది. అక్కడి దగ్గరి కేంద్రాలు అలవాటుగా, వేగంగా పనిచేసేవి. వెంటనే స్కాన్ తీసి, మందు మొదలుపెట్టి, అవసరమైనవారిని పైకి పంపేవి. దగ్గరి ఆసుపత్రి గట్టిగా ఉన్నచోట దాన్ని దాటిపోవడంలో లాభం కనిపించలేదు.

మూడో ఆక్షేపణ, దాటిపోయిన ఆసుపత్రి గతేమిటన్నది. స్ట్రోక్ డాక్టర్లు వెళ్లిపోయాక, తుంటి ఆపరేషన్ కోసం అక్కడే మంచం మీదున్న మనిషికి పక్షవాతం వస్తే గుర్తుపట్టేదెవరు? పెద్ద యూనిట్‌కు చేరేవారిలో చాలామందికి అసలు జబ్బు మూర్ఛో, మైగ్రేనో, షుగర్ పడిపోవడమో అవుతుంది. వాళ్లతో ఆ మంచాలు నిండిపోతాయి. స్థానిక యూనిట్‌లో మంచం ఖాళీ కాకపోతే 72 గంటలు దాటినవాళ్లు అక్కడే చిక్కుకుంటారు, వెనక వచ్చేవాడికి చోటుండదు. అన్ని ముక్కలూ కదిలితేనే ఈ యంత్రం కదులుతుంది. ఒక్క ముక్క ఆగినా రోగి ఇంటికీ దూరమవుతాడు, వైద్యానికీ దూరమవుతాడు.

ఇప్పుడు తూకం. నగరాల్లో, దట్టంగా ఆసుపత్రులున్నచోట, ఆధారాలు సంస్కరణ వైపే మొగ్గుతున్నాయి. ఆ విషయంలో నాకు అనుమానం లేదు. మాంచెస్టర్ అయిదేళ్ల అనుభవం అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. సగం సంస్కరణకు మరణాలు అదనంగా తగ్గలేదు, పూర్తి సంస్కరణకు తగ్గాయి. ఎవరినీ నొప్పించకూడదని చేసిన రాజీకి మూల్యం ఆ సమావేశాల్లో కూర్చున్నవాళ్లు కాకుండా, మంచం మీదున్నవాళ్లు చెల్లించారు. కానీ ఈ ఫలితం నగరానిది. పెద్ద భవనం ఉన్నందుకు కాదు, ప్రతి రోగికీ ప్రతి పనీ అందినందుకు వచ్చింది. ఆ హామీ ఇవ్వలేని ప్రభుత్వం దగ్గరి వార్డును మూసేస్తే అది సంస్కరణ కాదు, పొదుపు. ప్రయాణం గంట దాటేచోట వాదన తిరగబడుతుంది. అక్కడ రోగిని నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లేముందు నిపుణుడి చూపును రోగి దగ్గరికి తేవాలి.

అది సాధ్యమని మన దేశంలోనే హిమాచల్ ప్రదేశ్ చూపించింది. కొండల మధ్య జిల్లా ఆసుపత్రుల్లో న్యూరాలజిస్టులు లేరు, సీటీ స్కాన్ ఉంది. 2014 నుంచి అక్కడి ప్రభుత్వం ఆల్టెప్లేజ్ ఉచితంగా ఇచ్చింది. జిల్లా ఆసుపత్రి డాక్టరు స్కాన్ తీసి సిమ్లా, టాండా వైద్యకళాశాలల నిపుణులతో ఫోన్‌లో మాట్లాడి అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు చేసింది.

మన తెలుగు రాష్ట్రాల్లో లండన్ ఉంది, థానెట్ కూడా ఉంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఆసుపత్రులు పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ కొరత భవనాలది కాదు. ఏ ఆసుపత్రిలో ఈ అర్ధరాత్రి స్కాన్ తీసి చదివేవాళ్లున్నారో అంబులెన్స్‌కు ముందే తెలియడం కావాలి, అందరూ పాటించే ఒక్క నియమం కావాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. చింతూరు నుంచి రాజమండ్రి చేరాలంటే మారేడుమిల్లి ఘాట్ దిగాలి. అక్కడ లండన్ నమూనా ప్రాణాలు తీస్తుంది, హిమాచల్ నమూనా నిలబెడుతుంది. 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన నేల ఇది. ఎక్కించుకునే బండి ఉంది, ఖర్చు భరించే పథకం ఉంది. ఆ రెంటి మధ్యా, ‘ఏ రోగి ఏ గేటుకు?’ అనే ప్రశ్నకు రాసిపెట్టిన జవాబు కావాలి. దాంతోపాటు ఒక రిజిస్టర్ కావాలి. ఎంతమందికి జబ్బు వచ్చింది, ఎంతమంది 90 రోజులు బతికారు, ఏ జిల్లాలో ఎలా ఉందన్న లెక్క. మాంచెస్టర్ తన తప్పును 2015లో దిద్దుకోగలిగింది లెక్క ఉన్నందువల్లే. లెక్క లేనిచోట తప్పు ఆనవాయితీ అయిపోతుంది.

అన్నిటికన్నా ముందు మన ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ మిషన్ పనిచేయాలి. చూసిన బీపీకి మాత్ర దొరకాలి, ఆ మాత్ర మానకుండా చూసే మనిషి ఉండాలి. ఇంగ్లండ్‌లో జబ్బు రాకుండా ఆగిన ఆ 20 శాతంలో ఎవరూ ఏ గేటూ దాటలేదు, వాళ్ల కోసం ఏ అంబులెన్సూ రాలేదు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. ఇక జబ్బు వచ్చినవాళ్ల సంగతి. దగ్గరి ఆసుపత్రి గేటు దాటించి తీసుకుపోయే అధికారాన్ని ప్రభుత్వానికి మనం ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కాకపోతే ఒక్క షరతు మీద. ఆ బండి వెళ్లి ఆగేచోట, రాత్రి ఎంతైనా, స్కాన్ గది తెరిచే ఉండాలి.